సన్నకారు కన్నియల యిల్లు

(కలువాయి పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసము)



ఈ పఠనమందిరమున మాటాడుమని మమ్ము పిలిచినవారు విషయమును మాకే విడిచిపెట్టిరి. వచ్చినవాడు న్యాయవాది గనుక పట్టాలను గూర్చియో, సోమశిల జలాశయపు ముంపు పరిహారములను గూర్చియో చెప్పునని మీలో ననేకు లనుకొనియుందురు. ఆ మాటలు ఆత్మకూరు కోర్టు మెట్లమీద దినమును చెప్పుచునే యున్నాము. నేడొక నవలను గూర్చి చెప్పెదము. అది మన నవల కాదు, ఆంగ్లేయుల నవల. మనల నేలినవారి యింటి ముచ్చట మనకేల యని మీరడుగవచ్చును. ఆ యింటి పైకప్పున నొక గవాక్షము, మన మట్టిమిద్దెలలో గవాచి యందుమే, అట్టిది యున్నది. దానికొఱకే ఈ పుస్తకమును చంకబెట్టుకొని వచ్చితిమి.

ఆ నవల పేరు ‘ది గర్ల్స్ ఆఫ్ స్లెండర్ మీన్స్’. రచించినది మ్యూరియల్ స్పార్క్. ఆమె 1918లో ఎడింబరో నగరమున జన్మించి, 2006లో ఇటలీ దేశమున మరణించినది. నవల 1963లో వెలువడినది. చిన్న పుస్తకము, ఒక రాత్రి మేలుకొన్నవారికి తెల్లవాఱునప్పటికి ముగియును. పేరులోనే యొక చమత్కార మున్నది. ‘స్లెండర్’ అనగా సన్నము. నడుము సన్నము, ఆదాయమును సన్నము. దీనిని తెలుగు చేయుట యెట్లని కొంతసేపు తలగోకికొని, చివరకు మన రైతుల మాటనే యెరువు తెచ్చుకొంటిమి. రెండెకరములవానిని సన్నకారు రైతు అందుము గదా! వీరు సన్నకారు కన్నియలు.

కథాకాలము 1945. ఆ యేట మే 8వ తేదిన ఐరోపాలో యుద్ధము ముగిసెను. ఆగస్టు 15న జపాను లొంగిపోయెను. ఈ రెండు తేదీల నడిమి మూడునెలలే యీ కథ. నడుమ జూలైలో ఎన్నికల ఫలితములు వచ్చి చర్చిలు పక్షము ఓడెను, లేబరు పక్షము గెలిచెను. ఆ ప్రభుత్వమే మఱి రెండేండ్లకు మనకు అధికారము నప్పగించినది. జపాను లొంగిన దినమునకు రెండవ వార్షికమనియే 1947లో మౌంటుబాటన్ ఆగస్టు పదునైదును కోరుకొనెనని చెప్పుదురు. కావున ఈ కన్నియలు తమ గదులలో తలదువ్వుకొనుచు, ఎవతె సబ్బు ఎవతె వాడినదని పోట్లాడుకొనుచున్న వేళనే, వారి వీథిలోనే, మన వ్యవహారమును తేలుచుండెను. అది వారెఱుగరు. మనవారును వారి నెఱుగరు.

లండను నగరమున ఒక యుద్యానవనమున కెదురుగా ‘మే ఆఫ్ టెక్ క్లబ్బు’ అను వసతిగృహము. తల్లిదండ్రులకు దూరముగా నగరమున ఉద్యోగము చేసికొను, ముప్పదియేండ్లలోపు, కలిమి లేని మర్యాదగల కన్నియల కొఱకు నెలకొల్పినది. రచయిత్రి యుద్ధకాలమున లండనులో హెలినా క్లబ్బు అను నిట్టి యింటనే వసించినది. కావున వంటగది వాసన మొదలు మెట్లమీది గుసగుసల వఱకు సర్వమును కన్నదే వ్రాసినది. క్రింది యంతస్తున గుడ్డతెరల నడుమ పడకలపై పదునెనిమిదేండ్ల పిల్లలు. పైకి పోయినకొలది వయసును, ధీమాయును హెచ్చును. ముప్పదియేండ్ల నియమము నెట్లో తప్పించుకొన్న మువ్వురు ముదుసలి కన్యలును అచ్చటనే యున్నారు.

గెలిచిన దేశమే, కాని కట్టుబట్ట కరవు. ఇంగ్లండులో బట్టలకు 1941లో మొదలిడిన రేషను 1949 వఱకు సాగెను. సబ్బునకు 1942 నుండియు రేషనే. ఈ కన్నియలు టీయాకునకు కూపను, కూపనునకు సబ్బు మార్చుకొనుచుందురు. ఇది మనకు క్రొత్త గాదు. చౌకధరల దుకాణమును నేటికిని ‘కంట్రోలు’ అని పిలుచు వృద్ధులు ఈ ఫిర్కాలో నెందఱు లేరు? ఆ మాట ఆ యుద్ధపు మాటయే. ఏలినవారికిని ఏలబడినవారికిని ఆ నాలుగేండ్లు కంట్రోలు గుడ్డ యొక్కటే సమానముగ దక్కినది. అన్నము మాత్రము సమానముగ దక్కలేదు; 1943లో వంగదేశమున లక్షలాది జనము ఆకలిచే మరణించిరి. ఆ లెక్కను ప్రక్కన నుంచుకొనియే ఆంగ్లేయుల యీ పేదఱికమును చదువవలెను.

ఆ యింట ఒక పట్టుగౌను కలదు. పారిసు నగరమున పేరుమోసిన కుట్టుపనివారిది. ఆన్ అను నామెకు ధనవంతురాలైన అత్తవలన దక్కినది. విందునకు పోవలసినవారందఱు వంతులవారిగా దానినే ధరింతురు. అద్దెగా సబ్బో కూపనో యిత్తురు. ఒకతె పట్టుచీర మఱియొకతె కట్టి పెండ్లికి పోవుట మన హాస్టళ్లలోను ఉన్నదేనని మా యింటిలోనివారు చెప్పిరి. మొదటి డెబ్బదిపుటలు ఇట్టి కబుర్లే. మేము రెండుమార్లు పుస్తకమును మూసి ప్రక్కన బెట్టితిమి. రచయిత్రి యెవరిమీదను దయ చూపదు. అందఱిని చూచి పెదవి చివర నవ్వును. ఓపిక పట్టుడు. ఆ నవ్వు వెనుక నిప్పు రాజుకొనుచున్నది.

మువ్వురు ముదుసలి కన్యలలో గ్రెగ్గీ యొకతె. పెరటితోటలో పేలని బాంబొకటి పూడియున్నదని యామె వచ్చిన వారికెల్ల చెప్పుచుండును. అధికారులు వచ్చి చూచి లేదని తేల్చిరి. ఆమె మానదు. అందఱును నవ్వుదురు. మా వృత్తిలో నొక దురలవాటు గలదు: ఒకే మాటను పదిమార్లు చెప్పిన సాక్షిని ‘చిలుకపలుకులు’ అని కొట్టివేయుదుము. ఆ సాక్షి పదిమార్లు ఏల చెప్పవలసివచ్చెనో విచారింపము.

పై యంతస్తున స్నానపుగదిలో జానెడు వెడల్పైనను లేని సన్నని కిటికీ యొకటి. దానిగుండ దూఱిన మిద్దెమీదికి పోవచ్చును. సన్నని నడుముగలవారు మాత్రమే దూఱగలరు. తక్కినవారు కొలతలు తీసికొని, ఒడలికి వెన్నవంటి పదార్థమును సబ్బును పూసికొని ప్రయత్నింతురు. అందఱిలోను నాజూకైన సెలీనా యవలీలగ దూఱి, మిద్దెపై నికొలస్ అను నొక కవిని కలిసికొనుచుండును. ఈమె హుందాతనమును నేర్పు పాఠమునొకదానిని దినమునకు రెండుమార్లు వల్లించునట్టిది. మిద్దెకు సరియైన త్రోవ వేఱొకటి పూర్వముండెను: పైకప్పున గవాక్షము. చాలయేండ్ల క్రిందట దానిగుండ ఎవడో మగవాడు లోన బ్రవేశించెనట. దొంగయో, ప్రియుడో తెలియదు. కార్యనిర్వాహకసంఘమువారు కూడి, కన్నియల మానరక్షణార్థము, ఆ గవాక్షమును ఇటుకలతో పూడ్పించిరి.

ఇఁక చెప్పనక్కఱలేదు. జూలై కడపటి దినములలో ఒకనాటి సాయంకాలము పెరటిలోని బాంబు పేలెను. గ్రెగ్గీ మాటయే నిజమయ్యెను. మెట్లు కూలెను, క్రింద మంటలు లేచెను. పైన పదిమందికి పైగా చిక్కుపడిరి. సన్నని వారు ముగ్గురో నలుగురో కిటికీగుండ బయటపడిరి. ఒకతె నడుమ ఇఱుకుకొనిపోయెను. తక్కినవారు, ఎవరి దోషమును లేక, కేవలము తుంటియెముక కొంచెము వెడల్పగుటచే, లోన నిలిచిపోయిరి. పైన అగ్నిమాపకదళమువారు ఇటుకల గవాక్షమును పగులగొట్టుచుండిరి.

ఇచ్చట సెలీనా చేసినపని నవల కంతకును జీవము. బయటపడినయామె తిరిగి లోని కురికినది. మిద్దెపై నిలిచిన నికొలస్, ఎవరినో రక్షింపబోవుచున్నదని తలచెను. ఆమె మరల వెలికి వచ్చునప్పుడు చేతిలో నున్నది మనుష్యులు గారు, ఆ పట్టుగౌను. ఇతరుల సొత్తు. దైవమును నమ్మనివాడై యుండియు నికొలస్ తన కెఱుకలేకయే శిలువగుర్తు వేసికొనెను. అతడు పిమ్మట మతబోధకుడై హైతీ దేశమునకు పోయి యచ్చట చంపబడెను. ఆ వార్తను ఆ యింట వసించిన జేన్ అను నామె తన పాతస్నేహితురాండ్రకు టెలిఫోనులో చెప్పుచుండగా కథ నడచును. లోన చిక్కినవారిలో జొఆనా యను మతాచార్యుని కూతురు భయపడినవారికి ధైర్యము కలుగునట్లు ఆనాటి కీర్తనలను వల్లించుచు నిలిచెను. గవాక్షము తెఱచుకొన్నది. ఒక్కొక్కరు నిచ్చెనమీదుగ పైకి చేరిరి. జొఆనా కడపటిది. ఆమె నిచ్చెన యెక్కుచుండగా యిల్లు కూలెను.

ఈ నవలను గూర్చి వ్రాయు పెద్దలు సెలీనా పాపమును గూర్చియే విశేషముగ వ్రాయుదురు. ఆ పట్టుగౌను ఘట్టము మఱపురానిదే. కాని మా కంటికి, నల్లకోటు దోషముచే గాబోలు, వేఱొకటి తగిలినది. జొఆనాను చంపినది ఎవరు? బాంబు శత్రువులది. అది పేలిన వెనుకను కొంత వ్యవధి యుండెను. గవాక్షము తెఱచియున్నచో ఆ వ్యవధి యందఱికిని చాలును. దానిని పూడ్చినవారు దుర్మార్గులు గారు. సభకూడి, తీర్మానించి, సంతకములుచేసి, కన్నియల మేలుకోరియే పూడ్చిరి. ఏ న్యాయస్థానమునను వారిపై అభియోగము నిలువదు. మగవాడు లోనికి రాకుండుటకు మూసిన త్రోవ ఆడది వెలికి పోవుటకును త్రోవయే యని ఆ సభలో నొక్కరికిని తోచలేదు. రచయిత్రి దీనిని నొక్కి చెప్పదు. రెండు వాక్యములలో చెప్పి, మరల గౌను కబుర్లలో పడిపోవును.

మన తెలుగుదేశమున ఇట్టి యిండ్లు లేవా? లేకేమి! అవియును యుద్ధము వెనుకటివే. మొదటి మహాయుద్ధము ముగిసిన నాలుగేండ్లకు, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణగారును వారి యిల్లాలు లక్ష్మీబాయమ్మగారును గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. మఱుసటియేట మన నెల్లూరున పొణకా కనకమ్మగారు కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. ఉన్నవవారు ‘మాలపల్లి’ని వ్రాసిన చేతితోనే ఆడుపిల్లల యింటిని నిలిపిరి, కాని ఆ యింటి కథను నవలగా వ్రాయలేదు. అచ్చటి వంటసాల తగవులు, రాట్నములవద్ద పాటలు, ఇంటినుండి ఉత్తరము రాని పిల్ల యేడ్పు, వీనినన్నిటిని ఆంగ్లేయులవలె ఎవరైన కథగా చెప్పియున్న నెంత బాగుగనుండును!

నడిచిన కథ యొకటి మాత్రము చెప్పెదము. అది మా వృత్తివారిది గనుక మాకు కొంత గర్వము. 1923 కాకినాడ కాంగ్రెసునాడు ఖాదీ ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛందసేవకురాలుగ నిలిచిన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేదని జవాహర్లాలు నెహ్రూను లోనికి పోనీయలేదు. ఆమెయే దుర్గాబాయి. ఉప్పుసత్యాగ్రహమున చెఱసాల కేగి వచ్చి, విడిచిన చదువును మరల పట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదు గావున చేర్చుకొనుట కుదరదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు చెప్పిరి. రెడ్డిగారు స్త్రీవిద్యకు విరోధులు గారు. వారిదియును రక్షణను గూర్చిన చింతయే. దుర్గాబాయి వాదులాడలేదు. వసతి లేకపోవుటచే చదువు మానిన బాలికలెవరైన నున్నచో తనకు వ్రాయుడని పత్రికలలో ప్రకటన వేయించెను. వ్రాసిరి. పదిమంది వఱకు కూడి, తామే యొక హాస్టలును నడుపుకొనిరి. ఇఁక చేర్చుకొనక తప్పలేదు. ఆమె 1937లో మద్రాసున ఆంధ్రమహిళాసభను నెలకొల్పెను. 1942లో న్యాయశాస్త్రపట్టమును గైకొనెను. 1946లో రాజ్యాంగసభ సభ్యురాలయ్యెను. ఆ 1942 ఏప్రిల్ 6ననే జపాను విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వైచెను. విశ్వకళాపరిషత్తే గుంటూరునకు తరలిపోయెను. లండను కన్నియలనాటి బాంబులు మన తీరమునకును తెలిసినవే.

దుర్గాబాయి యింటికిని లండను క్లబ్బునకును మేము కనుగొన్న భేద మొక్కటి. ఆ క్లబ్బును సంఘమువారు నడుపుచు, కన్నియల నందుంచిరి. ఈ యింటిని కన్నియలే కూర్చుకొనిరి. తాళపుచెవి యెవరి కొంగున నుండెనో అదియే భేదము.

ఇప్పుడు మా యింటి మాట. నిరుడు మా కుమార్తెను ఒక నగరమున ఇంజనీరింగు కళాశాలలో చేర్చి, సమీపమున నొక ప్రైవేటు హాస్టలున వసతి కుదిర్చితిమి. నాలుగంతస్తుల కట్టడము, మెట్లదారి యొక్కటే. రాత్రి పదిగంటలకు క్రింద ఇనుపగేటునకు తాళము. తాళపుచెవి వెలుపల పాకలో పండుకొను కావలివానివద్ద. కిటికీలకు వేలు దూఱని కమ్ములు. మిద్దెతలుపునకు వేఱొక తాళము; ఏలయన, ఒకప్పుడొక పిల్ల మిద్దెమీద నిలిచి ఫోనులో ఎవరితోనో మాటాడుచుండెనట. నిర్వాహకురాలు ఇవన్నియు చూపి, “ఈగకూడ దూఱదండి” అనెను. మేము సంతోషించితిమి. భేషుగానున్నదని పైకి గూడ ననియుంటిమి. ఇంటికి వచ్చి మా యిల్లాలితో అదే చెప్పితిమి.

ఈ నవలలో ఇటుకలు పేర్చిన గవాక్షము దగ్గఱకు వచ్చునప్పటికి మాకు చెమటపట్టినది. తెల్లవాఱి మా పిల్లకు ఫోను చేసి, రాత్రివేళ నిప్పంటుకొన్న మీరెట్లు వెలికి వచ్చెదరని యడిగితిమి. “నాన్నా, చేర్చిననాడే చెప్పాను గదా. మీరు వినలేదు” అనెను. మేము జ్ఞాపకము తెచ్చుకొన యత్నించితిమి. చెప్పినది. రెండుమార్లు చెప్పినది. హాస్టలులో నుండుట కిష్టములేక వంకలు పెట్టుచున్నదని మేము తలచితిమి. గ్రెగ్గీని చూచి నవ్వినవారిని మేము తప్పుపట్ట బనిలేదు.

ఆ వారమే పోయి నిర్వాహకురాలిని కలిసికొంటిమి. జాతీయ భవననిర్మాణ నియమావళిలో నాలుగవ భాగమంతయు అగ్నిభద్రతను గూర్చినదే. వెలికి పోవు తలుపు లోపలివారికి తాళపుచెవి లేకయే తెఱచుకొనవలెనని యందు స్పష్టముగ నున్నది. అది చూపితిమి. ఆమె చెడ్డది గాదు. సావధానముగ విని, “అయ్యా, మీరు లాయరుగారు, మీకు తెలియనిదా? రాత్రి మిద్దెతలుపు లోపలి గడియతో విడిచిపెట్టినానంటే, మఱునాడు నలభైమంది తండ్రులు నా మీదికి వస్తారు. తాళం వేస్తున్నానని తెలిసే వాళ్లు పిల్లలను నా దగ్గఱ చేర్చారు” అనెను. మాకు బదులు తోచలేదు. ఆ నలువదిమందిలో మేము నొకరము.

కుంభకోణమున 2004 జూలై 16న ఒక పాఠశాలకు నిప్పంటుకొని తొంబదినలుగురు పసివారు దగ్ధులైరి. ఇఱుకుమెట్లు, చాలని త్రోవలు. ఆనాటినుండి పాఠశాలలకు తనిఖీలును, ధ్రువపత్రములును వచ్చినవి. కాని ఆడుపిల్లల హాస్టలు విషయమున తనిఖీకి వచ్చు అధికారియు మొదట గేటు తాళమునే చూచి మెచ్చుకొనును. అతడును ఆడుపిల్లల తండ్రియే గదా. కేరళ ఉన్నతన్యాయస్థానము 2019 సెప్టెంబరులో ఒక తీర్పు చెప్పినది. సాయంకాలము ఆఱు మొదలు పదివఱకు ఫోను ముట్టరాదను నియమమును కాదన్న విద్యార్థినిని హాస్టలునుండి వెడలగొట్టగా, అది చెల్లదని, ఆమెను మరల చేర్చుకొనవలయునని చెప్పి, క్రమశిక్షణపేరిట హక్కులను త్రొక్కరాదని హెచ్చరించినది. మంచి తీర్పు. అయితే అది ఫోనును గూర్చినది. తలుపును గూర్చి తీర్పు రావలెనన్న ముందుగ ఎవరిదో పిల్ల చావవలెనా?

మీలో కొందఱు మొగము చిట్లించుట చూచుచున్నాము. కాలము చెడ్డది, తాళము లేకున్న నెట్లని మీ ప్రశ్న. మేము తాళము వలదనుటలేదు. వెలుపలివాడు తెఱవలేని తలుపు వేఱు, లోపలిది తెఱవలేని తలుపు వేఱు. మన యిండ్లలో రాత్రి తలుపునకు లోపల గడియ వేసికొని పండుకొందుము గాని, ఎవనిచేతనో వెలుపల తాళము వేయించుకొని పండుకొనము. ధాన్యపుకొట్టునకు మాత్రమే వెలుపలి తాళము. తెఱచిన తలుపున పిల్ల ఎవనితోనో పోవునని భయమా? పోదలచినది పగలు పదిగంటలకు కళాశాల గేటునుండియే పోవచ్చును. ఆ గేటునకు మనము తాళము వేయలేదు. రాత్రి తాళమువలన మనకు కలుగునది నిద్ర. పిల్లలకు కలుగునది ఏమో మేము చెప్పనేల?

ఆ హాస్టలున తాళము ఇప్పటికిని అట్లే యున్నది. మా పిల్లయు అచ్చటనే యున్నది. నడుమ మార్పించిన ఒక యేడు పాఠము చెడునని ఆమెయే వలదన్నది. అచ్చటి నలువదిమంది తండ్రులలో ఎనమండుగురు మన ప్రాంతమువారే, కలువాయి మొదలు ఉదయగిరి వఱకు. వారిలో ముగ్గురు ఈ సభలో కూర్చుండియున్నారు, పేరులు చెప్పము. నిర్వాహకురాలికి ఒక పత్రము వ్రాసి తెచ్చితిమి. మిద్దెతలుపునకు లోపలి గడియ పెట్టవలయుననియు, క్రిందిగేటునకు రెండవ తాళపుచెవి పిల్లలలో పెద్దదానివద్ద నుండవలయుననియు, ఇది తండ్రులమగు మా కోరిక యనియు నందున్నది. క్రింద సంతకములకు ఎనిమిది గీతలు గీచితిమి. మొదటిగీతపై మేము వ్రాలు చేసితిమి. ఎక్కడనైన ఇట్టి హాస్టలులో బిడ్డనుంచిన తక్కినవారికొఱకు ఖాళీప్రతులును కలవు.

పత్రము ఆ బల్లమీద, పత్రికల ప్రక్కన నున్నది. నవల ప్రతిని గ్రంథాలయమునకే విడిచిపోవుచున్నాము. కలము మాత్రము మరల మాకిచ్చివేయుడు.